కవర్ తీసిన పూటే మొక్కలన్నీ పడుకున్నాయి

నిన్న సాయంత్రం చివరి ట్రే కూడా షేడ్ నెట్ కిందికి మార్చాను. గోళ్ళ సందుల్లో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇంకా పోలేదు. మాది పలమనేరు పక్కన పల్లె, చుట్టూ టమాటా వాళ్ళే, స్ట్రాబెర్రీ పిచ్చోణ్ణి నేనొక్కణ్ణే.

టిష్యూ కల్చర్ మొక్కలు, అంటే ల్యాబ్‌లో సీసాల్లో జెల్లీ మీద పెంచినవి, 20 సీసాలు తెప్పించాను, సీసాకు 10. వేర్ల గురించి టెన్షన్ పడక్కర్లేదు, స్ట్రాబెర్రీకి వేర్లు రప్పించే హార్మోన్ కలపని జెల్లీలో కూడా వేర్లు వస్తాయి. జెల్లీలో చక్కెర ఉంటుంది, కాస్త మిగిలినా బూజు పడుతుంది, అందుకని శుభ్రంగా కడిగి, మొవ్వు పూడిపోకుండా గుంతల ప్రో ట్రేల్లో నాటాను.

అసలు కథ తర్వాత. ఫోన్లో ల్యాబ్ ఆయన "హార్డెనింగ్ అయిపోయినవే సార్" అన్నాడు, అంటే బయటి గాలికి, ఎండకు మెల్లగా అలవాటు చేసినవే అని. సీసాలో జెల్లీ మీదున్న మొక్కకు హార్డెనింగ్ ఎప్పుడైంది అని అడగాలన్న బుద్ధి నాకు లేకపోయింది. ట్రేల మీద ప్లాస్టిక్ కవర్ కప్పితే అయిదు రోజులు నిగనిగలాడాయి, ఫోటోలు స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాను. ఆరో రోజు పొద్దున పదింటికి కవర్ మొత్తం లాగేశాను. మధ్యాహ్నానికి ఉడికిన తోటకూర. దాహమేమో అనుకుని నీళ్ళు పోస్తే మిగిలినవి కుళ్ళాయి. 200లో బతికింది 31. సీసాలో గాలి నిండా తేమే కాబట్టి ఆ ఆకుకు పైన మైనం పొర సరిగా ఉండదు, రంధ్రాలు మూసుకోవడం కూడా రాదు, ఎన్ని నీళ్ళు పోసినా ఆకులోంచి పోతూనే ఉంటాయి. ఇది నాకు ముందే ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్‌కు ఫోన్ చేస్తే "మీ చెయ్యి మంచిది కాదేమో సార్" అన్నాడు. ఒక ఆఫీసులో రెండు గంటలు కూర్చోబెట్టి, "స్ట్రాబెర్రీనా? ఊటీకి పోండి" అని నవ్వారు. మా మామ అయితే ఊరందరి ముందూ, "ఏం అల్లుడా, పురిటిబిడ్డను గుడ్డ విప్పి ఎండలో పండబెడితివే!" అన్నాడు. కోపమొచ్చింది గానీ, ముగ్గురిలో సరిగ్గా చెప్పింది ఆయనే.

రెండో విడత వేరే చోట కొన్నాను. వారం దాకా కవర్ ముట్టుకోలేదు. తర్వాత రోజుకు రెండు చిల్లులు, ఆ తర్వాత సాయంత్రం పూట అరగంట ఒక పక్క ఎత్తడం, అలా మూడు వారాలు. బోరు నీళ్ళు చల్లితే ఆకుల మీద తెల్లమరకలు పడుతున్నాయని క్యాన్ నీళ్ళే చల్లాను, ఇంట్లో తిట్లు తిన్నాను. పాత ఆకులు ఎండితే భయపడొద్దు, బయట పుట్టిన కొత్త ఆకు నిలబడిందా లేదా అన్నదే చూడండి. ఈసారి 200లో 164.

ఈ రోజు మామ వచ్చి పది మొక్కలు అడిగాడు. ఇచ్చాను, కవర్‌తో సహా.