ఉన్నవాటితో ఏడాది సంసారం: నా అనుభవం

పోయిన సంక్రాంతి నుంచి ఈ సంక్రాంతి వరకు ఇంట్లోకి కొత్త వస్తువేదీ కొనకూడదని, ఉన్నవాటినే వాడుకోవాలని మా ఇంట్లో నలుగురమూ కలిసి నిర్ణయించుకున్నాము. నలుగురంటే మావారు, అత్తయ్యగారు, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, బడిలో పాఠాలు చెప్పుకునే నేను. మాది ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి. ఊరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం వస్తుంది. ఆ ఏడాది ఎలా గడిచిందో, ఎక్కడ సులువుగా సాగిందో, ఎక్కడ చిక్కుపడిందో అడిగినవాళ్లకు విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

ఈ ఆలోచనకు బీజం 2018లోనే పడింది. ఆ ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను అతలాకుతలం చేసింది. కరెంటు స్తంభాలు నేలకూలాయి, చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, కొండవాలు ఊళ్లలో మట్టిపెళ్లలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. దుకాణాలు మూతపడిన ఆ రోజుల్లో మేము తిన్నది డబ్బాల్లో ఉన్న ఉలవలు, చోళ్లు (రాగులు), వడియాలు, ఊరగాయలు. వాడింది అటక మీది పాత లాంతరు. ఇంట్లో ఎంత సరుకు ఉందో అప్పుడే తెలిసింది. అయితే తుపాను వెలిసిన తర్వాత మళ్లీ అలాంటి కష్టం రాకూడదన్న భయంతో ఊరందరిలాగే మేమూ కొనడం మొదలుపెట్టాము. అత్యవసర దీపాలు, ప్లాస్టిక్ డబ్బాలు, దుప్పట్లు వచ్చాయి. ఆ తర్వాత భయం పోయినా అలవాటు పోలేదు, ఫోనులో వేలు కదిపితే సరుకు గుమ్మంలోకి వచ్చే రోజులు కూడా వచ్చాయి.

ఈ మధ్య ఇల్లు ఖాళీగా ఉంచుకోవడమే సరళ జీవితమని, ఏడాదిగా తాకని వస్తువును వదిలించుకోవాలని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. తుపానులు వచ్చే ప్రాంతంలో బతికేవాళ్లకు ఆ సలహా పనికిరాదని నా అభిప్రాయం. కావలసినప్పుడల్లా కొనుక్కోగలమన్న ధీమా ఉన్నవాళ్లకే ఖాళీ ఇల్లు అందం. మేము చేయదలచుకున్నది వదిలించుకోవడం కాదు, వాడుకోవడం.

నియమాలు రాసుకోవడానికే కొన్ని సాయంత్రాలు పట్టింది. కూరగాయలు, పాలు, మందులు, అమ్మాయి చదువుకు కావలసినవి కొనవచ్చు. సబ్బు, నూనె వంటివి ఉన్నది పూర్తిగా అయిపోయిన తర్వాతే తేవాలి. బట్టలు, గిన్నెలు, యంత్రాలు, అలంకరణ వస్తువులు అసలు కొనకూడదు. కుక్కరుకు కొత్త రింగు వేయించడం కొనడమా, బాగుచేయడమా అన్న చోట మావారికీ అమ్మాయికీ వాదన జరిగింది. “గుడ్డ మార్చినంత మాత్రాన పాత గొడుగు కొత్తదైపోతుందా?” అని అత్తయ్యగారు తీర్పు చెప్పారు. దాంతో విడిభాగాలకు అనుమతి దొరికింది.

తర్వాత పని ఇంట్లో ఏమున్నదో రాసుకోవడం. వాడని పాత డైరీ ఒకటి తీసి అటక మొదలు మంచం కింది పెట్టె వరకు ఉన్నవన్నీ రాశాము. ఈ పని చేయకుండా కొనడం మానేద్దామనుకునేవాళ్లకు అది సాగదని గట్టిగా చెప్పగలను, ఎందుకంటే మనం కొనేవాటిలో చాలా భాగం ఇంట్లో లేక కొనేవి కావు, ఎక్కడున్నాయో తెలియక కొనేవి. ఆవాల పొట్లాలు ఒక్కో డబ్బాలో ఒక్కొక్కటి చొప్పున దొరికాయి. సగం రాసిన నోటు పుస్తకాలు, చార్జరు తీగలు, చేతి సంచులు ఎన్ని ఉన్నాయో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

వంటింట్లో పద్ధతి మొత్తం తలకిందులైంది. అంతకుముందు “ఈ రోజు ఏం తినాలని ఉంది?” అని అడిగేదాన్ని. ఇప్పుడు ఏది ముందు పాడవుతుందో చూసి దాన్ని వండడం మొదలుపెట్టాను. సగ్గుబియ్యం వేసవిలో వడియాలయ్యాయి. ఉలవలు చారుకు, గుగ్గిళ్లకు, పొడికి వంతులవారీగా వెళ్లాయి. చోళ్లు పిండి పట్టించి అంబలి కాచాము. నల్లబడిన పాత చింతపండులో మంచిది పులుసుకు పోగా మిగిలినది ఇత్తడి తోమడానికి పనికివచ్చింది. కందిపప్పు ఎండలో పోసి, ఆముదం చుక్కలతో చేత్తో బాగా కలిపి, గాలి చొరని డబ్బాలో పెడితే పురుగు పట్టకుండా నిలుస్తుందని అత్తయ్యగారు చేసి చూపించారు. బియ్యంలో ఎండిన వేపాకు వేయడం అందరికీ తెలిసినదే, కాని ఆకు పచ్చిగా ఉంటే తేమ చేరి బియ్యమే ముక్కిపోతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

రాత్రి మిగిలిన అన్నాన్ని నీళ్లలో నానబెట్టి పొద్దున తినడం ఈ ప్రాంతంలో భాషాభేదం లేని అలవాటు. మేము తరవాణి అంటాము, పక్కింటి ఒడియా మావుసీ (పిన్నిగారు) పఖాళ అంటుంది. మార్చి 20న వాళ్లు పఖాళ దిబస పేరుతో దానికి పండుగ కూడా చేస్తారు. ఆమె మినప వడియాలను వేయించి వెల్లుల్లి, మిరపకాయలతో నలిపి బడిచూరా చేసి ఇస్తే, మేము ఉలవపొడి పంపాము. ఇచ్చిపుచ్చుకోవడాలకు మా నియమాల్లో అడ్డు లేదు.

ఉన్నదంతా తినితీరాలని మాత్రం పట్టుబట్టలేదు. కనరు వాసన వచ్చిన నూనె పారబోశాము. బూజు పట్టిన వేరుశనగపప్పును అత్తయ్యగారు వేయించి వాడదామన్నారు గాని నేను ఒప్పుకోలేదు. ఆ బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పొదుపు పేరుతో రోగం కొనితెచ్చుకోకూడదు కదా.

యంత్రాల విషయంలో అనుకున్నదానికంటే సులువుగా గడిచింది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే పాతబడిందనుకుని కొత్తది కొనేస్తాము, కాని చాలాసార్లు అందులో పాడయ్యేది 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ మాత్రమే. దాన్ని మార్చడానికి ఎక్కువ ఖర్చు కాదు. మిక్సీ తిరుగుతున్నా జారు కదలకపోతే అరిగిపోయింది అడుగున ఉండే రబ్బరు కప్లరని మా వీధి చివరి మరమ్మతుల మేస్త్రీ చెప్పి అక్కడికక్కడే మార్చి ఇచ్చారు. టీవీ దగ్గర మాత్రం ఓడిపోయాము. ఆ నమూనాకు బోర్డులు రావడం లేదని కంపెనీ మనిషి చేతులెత్తేశాడు. వస్తువు కొన్నవాడికి దాన్ని బాగుచేయించుకునే హక్కు ఉండాలన్న ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభించింది గాని, బోర్డే లేకపోతే హక్కు ఏం చేస్తుంది? టీవీ లేకుండా ఉండడం అత్తయ్యగారికి తప్ప ఎవరికీ కష్టం కాలేదు, ఆవిడ సాయంత్రాలు పక్కింటి మావుసీతో కలిసి ఒడియా సీరియళ్లు చూసి వచ్చి మాకు కథ చెప్పేవారు.

నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇత్తడి సామాను. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనికి పేరున్న ఊరు. అత్తయ్యగారి పెళ్లికి అక్కడి నుంచి తెచ్చిన గిన్నెలు, గుండిగలు అటక మీద గుడ్డలు చుట్టి ఉన్నాయి. నాన్‌స్టిక్ పెనం పూత ఊడిపోగానే అవి దింపాము. అయితే కళాయి, అంటే లోపల తగరపు పూత, లేని ఇత్తడిలో చింతపండు పులుసు, పెరుగు, టమాటా వంటి పుల్లనివి వండితే చిలుము పట్టి వాంతులవుతాయి, అందువల్ల ముందు కళాయి వేయించాలి. ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు అరుదైపోయారు. విచారించగా విచారించగా సైకిలు మీద ఊళ్లు తిరిగే ఒక తాత దొరికారు. ఆయన మా పెరట్లో చిన్న గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, తిత్తితో గాలి కొడుతూ గిన్నెను కాల్చారు. తగిన వేడి రాగానే లోపల నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ లేచింది. వెంటనే తగరపు కడ్డీని తాకించి, కరిగిన తగరాన్ని దూది గుడ్డతో గిన్నె లోపలంతా సాగదీశారు. క్షణాల్లో పచ్చటి లోపలి భాగం వెండిలా మారింది. ఇక్కడ వాడేవాళ్లకు ఒక జాగ్రత్త చెప్పాలి. తగరం సుమారు 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది, కాబట్టి కళాయి గిన్నెను నీళ్లో నూనో లేకుండా ఉత్తిగా పొయ్యి మీద వదలకూడదు, పీచుతో గట్టిగా రుద్దనూ కూడదు. నాలుగు డబ్బులు మిగలాలని మొదలుపెట్టిన ఏడాదిలో ఆ తాతకు మేము ఇచ్చిన కూలి కొత్త స్టీలు గిన్నెల ధరకు దగ్గరగానే ఉంది. అయినా ఆ ఖర్చు నాకు ఖర్చుగా అనిపించలేదు.

బట్టల దగ్గర మా ఊరివాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మాకు రెండు రాష్ట్రాల పండుగలూ వస్తాయి. జూను నడుమ వచ్చే ఒడియావాళ్ల రొజొ పండుగకు ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టి ఉయ్యాలలూగుతారు, దసరా తర్వాత పున్నమికి కుమార పూర్ణిమ వస్తుంది, ఈలోగా మన ఉగాది, దీపావళి, సంక్రాంతి ఉండనే ఉన్నాయి. అమ్మాయి స్నేహితురాళ్లలో ఒడియా పిల్లలే ఎక్కువ కనుక రొజొ నాడు దాని ముఖం కాస్త చిన్నబోయింది. నా బరంపురం పట్టుచీరల్లో ఒకటి దానికి ఇచ్చాను. ఫొడా కుంభ అనే గుడి గోపురాల నమూనా అంచున్న ఆ చీర అంతకుముందు కట్టింది తక్కువ, దాచింది ఎక్కువ. మడతల దగ్గర చిరగకుండా ఏటా మడత మార్చడం, గంజి పెట్టకుండా నూలు గుడ్డలో చుట్టడం, కలరా ఉండలు జరీకి తగలనివ్వకపోవడం వల్ల అది నిలిచింది. మెత్తబడిన నూలు చీరలను, పంచెలను పొరలుగా పేర్చి అత్తయ్యగారు బొంతలు కుట్టారు, నేను సూదికి దారం ఎక్కించి ఇచ్చేదాన్ని.

నిజమైన చిక్కు మా అవసరాలతో రాలేదు, పెట్టుపోతలతో వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. పట్టణం ఇటు వచ్చింది, పాతపట్నం, టెక్కలి వైపు ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయాయి. చుట్టరికాలు మాత్రం చీలలేదు. గృహప్రవేశాలకు, బారసాలలకు, పెళ్లిళ్లకు అటూ ఇటూ రాకపోకలు జరుగుతూనే ఉంటాయి, ఉత్త చేతులతో ఎవరూ వెళ్లరు. మన ఇంట్లోకి వచ్చే వస్తువుల్లో చాలావాటిని మనం కొననే లేదన్న సంగతి జాబితా రాసేటప్పుడే అర్థమైంది. తాంబూలంలో వచ్చిన జాకెట్టు ముక్కలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. వాటిలో చాలావాటికి సూది తగిలే యోగం లేదు. పేరంటం నుంచి పేరంటానికి మడత విప్పకుండా తిరగడమే వాటి బతుకు, మా ఇంటి నుంచి వెళ్లిన ముక్క కొంతకాలానికి మా ఇంటికే తిరిగి వచ్చిన సందర్భం కూడా ఉంది. మేము ఆ చక్రాన్ని ఆపి, ముతకవాటితో కూరల సంచులు, దిండు గలీబులు కుట్టించాము. మంచివి రవికెలయ్యాయి.

ఇక ఇవ్వవలసినవి. పెళ్లిళ్లలో చదివింపులు డబ్బుగా ఇచ్చాము. అది వస్తువు కాదు కనుక నియమం తప్పలేదు. టెక్కలిలో మా ఆడపడుచుగారి మనవడి బారసాలకు మాత్రం ఏం తీసుకెళ్లాలో తేలక కొంత మథనపడ్డాము. పురిటి బిడ్డకు మొదట కొత్త బట్ట తొడగకుండా, వాడి మెత్తబడిన పాత గుడ్డలోనే చుట్టడం మన ఇళ్లలో ఉన్న ఆచారమే కదా అని, అత్తయ్యగారి నూలు చీరలతో చిన్న బొంత కుట్టి, ఒక ఇత్తడి గిన్నెతో కలిపి పట్టుకెళ్లాము. “పాత చీరా పెట్టేది?” అని ఒకరిద్దరు గొణిగారు. ఆడపడుచుగారు మాత్రం అమ్మ కట్టిన చీర అంచును గుర్తుపట్టి బొంతను అక్కడే పరిచి బిడ్డను పడుకోబెట్టారు. ఆవిడ అలా చేసి ఉండకపోతే వచ్చే శుభకార్యానికి మేము బజారుకే వెళ్లేవాళ్లమేమో, చెప్పలేను. కొనకుండా ఉండడానికి ఇంట్లోవాళ్ల పట్టుదలతో పాటు అవతలివాళ్ల మన్నన కూడా కావాలి.

ఈ సంక్రాంతి వెళ్లగానే మావారికి చెప్పులు, అమ్మాయికి ఒక జత బట్టలు, వంటింటికి ఒక జల్లెడ కొన్నాము. టీవీ గురించి ఇంకా మాట్లాడుకుంటున్నాము. సరుకుల డైరీని మాత్రం మూసేయలేదు, ఏదైనా తేవాలంటే ముందు అందులో చూడాలన్నది అలాగే కొనసాగుతోంది.

తేలనిది పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు గిన్నెల సంగతి. వాటి మీద ఇచ్చినవాళ్ల పేర్లు, ఊళ్లు, తారీకులు చెక్కి ఉన్నాయి కాబట్టి మరొకరికి ఇవ్వడానికి లేదు. పాతసామాన్లవాడు తూకానికి అడుగుతున్నాడు. పేరు కనబడుతున్న వస్తువును తూకానికి ఎలా వేస్తామని అత్తయ్యగారు ఒప్పుకోవడం లేదు. ప్రస్తుతానికి ప్లాస్టిక్ డబ్బాల్లోని చోళ్లు, ఉలవలు వాటిలోకి మార్చి, సరిపోయే పళ్లేలను మూతలుగా పెట్టాము.