సిన్యోర్ గారి ఆదివారం భోజనం

మా చీమకుర్తి రాయి నల్లగా ఉంటుంది, మీద బంగారు రజను చల్లినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వస్తుంది. గెలాక్సీ గ్రానైట్ అంటారు. దాని కోసం చైనా వాళ్లు వస్తారు, ఇటలీ వాళ్లు వస్తారు. ఒంగోలులో కూర్చుని ఎక్స్‌పోర్టు కాగితాలు చూసుకునే నాలాంటివాడికి వెరోనా, విచెంజా అనే ఇటలీ ఊళ్ల పేర్లు కందుకూరు, కనిగిరి అన్నంత అలవాటు.

ఈ ఏడాది వేసవిలో విచెంజా వైపు నుంచి ఒకాయన బ్లాకుల సెలక్షన్‌కి వచ్చి రెండు నెలలు ఒంగోలులోనే ఉన్నారు. ఆఫీసులో అందరూ ఆయన్ని సిన్యోర్ గారు అనేవాళ్లు. సిన్యోర్ అంటేనే అయ్యగారు అని అర్థమని చెప్పి చూశాను. గారు లేకపోతే ఏం బాగుంటుంది సార్ అన్నాడు మా అటెండరు.

క్వారీలో ఆయన పని చూడాలి. కుర్రాడి చేత బ్లాకు మీద బకెట్టు నీళ్లు కొట్టించి, ఆ తడి ఆరేదాకా కదలకుండా నిలబడతారు. రాయంతా ఆరిపోయి ఎక్కడైనా ఒక సన్నటి గీత దగ్గర తడి నిలిచి ఉంటే, అక్కడ పగులు ఉన్నట్టు. వేలితో చూపించి తల అడ్డంగా ఊపుతారు. ఆ బ్లాకు పోయినట్టే. భోజనం దగ్గర కూడా సరిగ్గా అదే చూపు. గెస్ట్‌హౌస్ వంటమనిషి పాపం రోజుకొక రకం చేసి పెట్టేది. ఆయన ఇడ్లీ, పెరుగన్నం, అరటిపళ్లతో మూడు వారాలు లాక్కొచ్చారు. ఏమీ అనలేదు. ప్యాంటు మాత్రం వదులైంది.

ఒక శనివారం సాయంత్రం అడిగారు, దగ్గర్లో ఎక్కడైనా మా వైపు తిండి దొరుకుతుందా అని. అడగడానికి మొహమాటపడుతూ అడిగారు. ఆ మొహమాటం నాకు తెలుసు. ఏటా సెప్టెంబరులో వెరోనాలో రాళ్ల ఎగ్జిబిషన్ జరుగుతుంది, మార్మోమాక్ అంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు రెండో రోజుకే నాకు అన్నం మీద ధ్యాస పట్టుకుంది. ఇండియన్ రెస్టారెంట్ అని బోర్డు కనిపిస్తే పరుగులాంటి నడకతో వెళ్లాను. తియ్యటి బటర్ చికెన్, నాన్, మామిడి లస్సీ. చారు ఉందా అని అడిగితే ఆ పంజాబీ ఆయన నన్ను చాలా జాలిగా చూశాడు. తర్వాతి రెండు రాత్రులూ మా ఆవిడ కట్టిచ్చిన గోంగూర పచ్చడి, హోటల్ బ్రెడ్డు. కాబట్టి ఆయన అడగ్గానే రేపు నెల్లూరు పోదాం అనేశాను.

ఒంగోలులో అప్పటికే ఒక పిజ్జా ప్రయత్నం అయిపోయింది. ఎక్కడన్నది వద్దులెండి. దిండంత మందాన రొట్టె, దాని మీద మొక్కజొన్న గింజలు, క్యాప్సికం, పనీరు. ఆయన అంచును ఫోర్కుతో పైకెత్తి అడుగు ఎలా కాలిందో చూశారు, బ్లాకు అడుగు చూసినట్టే. తర్వాత మొక్కజొన్న గింజలు ఒక్కొక్కటే ఏరుకుని తిన్నారు. గింజలు బాగున్నాయి అన్నారు.

నెల్లూరు 120 కిలోమీటర్లు. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం. టంగుటూరు టోల్‌గేటు దాటాక ఏమీ లేదు, ఎండ తప్ప. ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన మామిడికాయల బుట్టలు కనిపించగానే ఆపమన్నారు. మా డ్రైవరు ఆయనకు రసం తినడం నేర్పించాడు. కాయను రెండు అరచేతుల మధ్య మెల్లగా పిసకాలి, ముచ్చిక దగ్గర కొరికి ఆ ముక్క ఉమ్మేయాలి, ఆ తర్వాత పీల్చుకోవాలి. ఆయన ముందు చాకు అడిగారు. చాకెందుకు సార్, ఇది చాకుతో తినే కాయ కాదు అని వాడు తెలుగులోనే గట్టిగా చెప్పాడు. మూడు తిన్నారు. చొక్కా మీద పడ్డ మరకలు తుడుచుకోకుండానే కారెక్కారు.

కోవూరు మీదుగా పెన్న దాటాం. ఏటి ఒడ్డున రంగనాయకుల గుడి గోపురం చూపించాను. అది ఏ రాయి అని మాత్రం అడిగారు.

మా మేనల్లుడు చెప్పిన మొదటి చోటు ఒక పెద్ద హోటల్లో మల్టీక్యూజిన్ రెస్టారెంటు. ఏసీ బాగుంది. మెనూ మన పంచాంగమంత ఉంది. తందూరీ, చైనీస్, బిర్యానీలు అన్నీ అయ్యాక చివరి పేజీలో కాంటినెంటల్. అందులో పాస్తా రెండు రకాలు, ఎర్రది, తెల్లది. సిన్యోర్ గారు తెల్లది చెప్పారు. స్పైసీనా, మీడియమా సార్ అని వెయిటరు అడిగాడు. వచ్చిన గిన్నెలో గొట్టాలు వేలితో నొక్కితే గుజ్జయ్యేలా ఉన్నాయి. మైదా, పాలు, చీజు కలిపిన సాసు పాయసానికి కాస్త తక్కువ తీపి. పైన తురిమిన క్యారెట్టు, కొత్తిమీర. ఆయన ఒక గొట్టం నోట్లో పెట్టుకుని చాలాసేపు నమలకుండా ఉన్నారు. తర్వాత ఫోర్కు పక్కన పెట్టి అల్ దెంతే గురించి చెప్పారు. పాస్తా పంటికి తగలాలట. మధ్యలో సన్నగా పిండి బిగువు మిగిలి ఉండగానే దించేయాలట. డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేసేది అందుకేనట.

ఆయన వేళ్లతో గాల్లో అభినయిస్తూ ఇంత కష్టపడి చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. దీనికి మా ఇళ్లలో ఒక మాట ఉంది. పలుకు మీద దించడం. పులిహోరకు అన్నం ఎలా దించాలో మా అమ్మ మా ఆవిడకు చెప్పే మాట.

బిల్లు కట్టి బయటికొచ్చాం. ఆయన సగం కూడా తినలేదు.

రెండో చోటు మాగుంట లేఔట్‌లో చిన్న కేఫ్. ఆరు బల్లలు, గోడ మీద ఈఫిల్ టవరు బొమ్మ. ఇటలీకి ఈఫిల్ టవరేంటి అని నేను అనుకునేలోపే ఆయన దాన్ని చూసి నవ్వేశారు. అదే ఆయన ఆ రోజు మొదటి నవ్వు. పిజ్జా చెప్పబోతే వద్దన్నారు. ముందు పొయ్యి చూడమన్నారు. కౌంటరు వెనక కరెంటు ఓవెన్ ఉంది, బాగా వేడెక్కితే 300 డిగ్రీలు. ఇటలీ దక్షిణాన ఉన్న నేపుల్స్‌లో కట్టెల పొయ్యి 485 డిగ్రీల దగ్గర ఉంటుందట, పిజ్జా అందులో ఉండేది 60 నుంచి 90 సెకన్లు. అంత మంటలో పైన పొంగి లోపల మెత్తగా ఉంటుంది. ఈ వేడిలో అయితే కాలేలోపే ఎండిపోతుంది. పొయ్యి లేని చోట పిజ్జా అడగడం వంటవాణ్ణి అవమానించడమే అన్నారు. ఆ పిజ్జా చేసే విద్యను 2017లో యునెస్కో వారసత్వ జాబితాలోకి తీసుకుందని కూడా చెప్పారు, అయితే కొంచెం నిష్ఠూరంగా. ఆయనది ఇటలీలో ఉత్తరాది. దక్షిణాది వాళ్ల పిజ్జాకు వచ్చిన పేరు తమ పోలెంటాకు రాలేదని బాధ. పోలెంటా అంటే మొక్కజొన్న రవ్వతో చేసే సంకటి, అంతకంటే వివరం అక్కర్లేదు.

వంట చేసే కుర్రాడు బయటికొచ్చాడు. కువైట్‌లో ఒక హోటల్ కిచెన్‌లో ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చాడట. నేను పలుకు మీద దించగలవా అని అడిగాను. వాడు నా వైపు, ఆయన వైపు చూశాడు.

“నాకు తెలవదా అన్నా? మొదట్లో అట్నే చేసేవోణ్ణి. ఉడకలేదని ప్లేట్లు ఎనక్కి పంపించేవోళ్లు. ఇప్పుడు పిల్లలకు కూడా పనికొచ్చేట్టు ఉడకబెడతా ఉండా.”

నేను ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. సిన్యోర్ గారు లేచి వెళ్లి ఆ కుర్రాడి చేయి పట్టుకున్నారు. నాకు వెరోనా హోటల్లో పంజాబీ ఆయన గుర్తొచ్చాడు. ఆయనకూ చారు రాకనా, అడిగేవాళ్లు లేకగానీ.

ఆ తర్వాత ఒక గంట ఎవరు ఎవరికి పని చెబుతున్నారో తెలియలేదు. కుర్రాడి దగ్గర స్పఘెట్టీ ప్యాకెట్లు ఉన్నాయి, టమాటాలు, వెల్లుల్లి ఉన్నాయి. సముద్రపు చేప ఏదైనా దొరుకుతుందా అన్నారు ఆయన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, ఆ రోజుల్లో మంచి సముద్రపు చేపకు కరువే. రొయ్యలకేం, చెరువుల్లో పెరిగే వనామి ఉంది కదా, మన నెల్లూరుకు రొయ్య తక్కువా. నేనూ డ్రైవరూ మార్కెట్టుకు వెళ్లి 40 కౌంటు ఒక కిలో తెచ్చాం. కౌంటంటే కిలోకు ఎన్ని తూగుతాయో ఆ లెక్క. అమ్మేవాడు తూకం వేస్తూ, ఇవన్నీ అమెరికా పోయేయి సార్, మీరు ఆపేశారు అన్నాడు.

తిరిగొచ్చేసరికి ఆలివ్ నూనె గొడవ. కేఫ్‌లో ఉన్న సీసా అడుగంటింది. కౌంటరు దగ్గర కుర్రాణ్ణి పంపిస్తే వాడు సూపర్ మార్కెట్టుకు పోకుండా సూటిగా మెడికల్ షాపుకు పోయి నాలుగు చిన్న డబ్బాలు తెచ్చాడు. మన ఇళ్లలో ఆలివ్ నూనె అంటే చంటిపిల్లలకు ఒళ్లు రుద్దేదే కదా, వాడి తప్పేముంది. సిన్యోర్ గారు డబ్బా తిప్పి కళ్లజోడు పైకెత్తి అక్షరం అక్షరం చదివారు. తినడానికి పనికొస్తుందని వెనక రాసి ఉంది. మూత తీసి వాసన చూశారు. క్వారీలో తల అడ్డంగా ఊపడం చూసి చూసి ఉన్నానేమో, నాకు టెన్షన్‌గానే ఉంది. నిలువుగా ఊపారు.

పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి గుప్పెడు ఉప్పు పోశారు. స్పఘెట్టీని విరవబోతే వంట కుర్రాణ్ణి ఆపారు, నిలువునా వేసి అదే ఒంగే దాకా ఆగమన్నారు. పక్క పొయ్యి మీద నూనెలో చితక్కొట్టిన వెల్లుల్లి, ఒక ఎండుమిర్చి, రొయ్యలు. అవి రంగు తిరగ్గానే తీసి పక్కన పెట్టేశారు, మనం అయితే అప్పుడే మూత పెట్టి ఇంకో పావుగంట ఉంచుతాం. అదే మూకుట్లో టమాటాలు మగ్గాక పాస్తా వడగట్టి వేశారు. కుర్రాడు ఆ నీళ్లు సింకులో వంచబోతుంటే ఆయన గట్టిగా అరిచారు. ఆ గంజి గరిటెడు పోస్తేనే నూనే టమాటా పాస్తాకు పట్టుకుంటాయట. గంజి పారబోయకురా అన్నాను నేను. చివర్లో అలవాటు కొద్దీ కుర్రాడి చేయి చీజు డబ్బా మీదికి పోయింది. సిన్యోర్ గారు ఆ చేతి మీద చిన్నగా ఒక్కటి వేశారు. చేపకూ రొయ్యకూ చీజు వాళ్లు వెయ్యరు.

కొత్తిమీర కూడా వద్దన్నారు.

మధ్యాహ్నం మూడున్నరకు కూర్చున్నాం, ఆయన, నేను, డ్రైవరు, ఆ కుర్రాడు. నిజం చెప్పాలంటే నాకు ఉప్పు, కారం చాలలేదు. డ్రైవరు తన ప్లేట్లో సగం అయ్యాక పక్క షాపు నుంచి ఆవకాయ ప్యాకెట్టు తెచ్చుకున్నాడు. సిన్యోర్ గారు దాన్ని చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆయన రెండు ప్లేట్లు తిన్నారు. ప్లేటు అడుగున మిగిలిన నూనెను బ్రెడ్డుతో తుడుచుకుందామంటే బేకరీ బ్రెడ్డు తియ్యగా ఉంది, దాన్ని పక్కకు తోసేసి కుర్రాడి ఇంటి నుంచి వచ్చిన చపాతీతో తుడుచుకున్నారు. డబ్బులు తీసుకోనన్నాడు కుర్రాడు. రొయ్యలు మీరే తెచ్చారు, నూనె మీరే తెచ్చారు, ఇంక దేనికి అన్నాడు. ఆయన వినలేదు.

తిరుగు దారిలో వెరోనా పక్కన ఈసోలా దెల్లా స్కాలా అనే ఊరి గురించి చెప్పారు. అక్కడ వియలోనె నానో అనే పొట్టి బియ్యం పండుతుంది, దాంతో దాల్చినచెక్క వేసి రిసొట్టో అనే అన్నం వంటకం చేస్తారు. ఈసారి సెప్టెంబరులో వస్తే ఇండియన్ రెస్టారెంటు వైపు పోవద్దని, అక్కడికి తీసుకెళ్తానని అన్నారు. నేను మా నెల్లూరు మొలగొలుకుల బియ్యం గురించి మొదలుపెట్టాను గానీ కావలి దాటేసరికి ఆయన నిద్రపోయారు.

నెల్లూరు దాకా తీసుకెళ్లి చేపల పులుసు తినిపించకుండా తెచ్చావా అని సోమవారం ఆఫీసులో అందరూ నన్ను తిట్టారు. ఆ ఆదివారం ఆయనది, మనది కాదు. పులుసు తర్వాత వారం మా ఇంట్లోనే పెట్టాం.

ఆలివ్ నూనె డబ్బాలు రెండు మిగిలాయి. ఒకటి మా అమ్మ మోకాళ్లకు రాసుకుంటోంది, నొప్పి తగ్గిందంటోంది. రెండోదాని మూత తియ్యొద్దని చెప్పి ఫ్రిజ్ మీద పెట్టాను. నవంబరులో ఆయన మళ్లీ వస్తారు.