పెన్సిల్ గీత ఆగిన చోటు

చీరాల స్టేషనులో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఆటో మాట్లాడుకుని వేటపాలెం బయలుదేరాం. నేను, మా అన్నయ్య పిల్లలు ఇద్దరూ. పెద్దవాడు డిగ్రీ ముగించి గ్రూపు-2 పరీక్షకు చదువుతున్నాడు. చిన్నది ఏడో తరగతి. ఒక రోజు చదువు పోతుందని వాడి బెంగ. రైలెక్కడమే దానికి పండుగ. నాకైతే ఇది పదేళ్ళుగా వాయిదా పడుతూ వచ్చిన ప్రయాణం. చీరాల-పేరాల ఉద్యమం నడిచిన రోజుల్లో, అప్పటికప్పుడు అచ్చయిన పత్రికను నా చేతులతో తిరగేయాలని కోరిక. అందుకు వెళ్ళవలసిన చోటు వేటపాలెంలోని సారస్వత నికేతనం అనే గ్రంథాలయమని చరిత్ర చదివే మిత్రులు ఎప్పటినుంచో చెబుతున్నారు.

దారిలో పిల్లకు ఆ కథ చెప్పాను. ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచింది. జనం కట్టేది లేదన్నారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. ఆయన్ను జైలులో పెట్టిన తరువాత కూడా వెంటనే వెనక్కి రాలేదు.

"మరి వాళ్ళ పిల్లలు బడికి ఎక్కడికి వెళ్ళారు అత్తా?" అంది.

ఉద్యమం గురించి ఇన్నేళ్ళుగా చదువుతున్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తోచలేదు. వాడు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "మా గైడులో దీని మీద రెండే వాక్యాలున్నాయి" అన్నాడు.

సారస్వత నికేతనం 1918లో పుట్టింది. ఊటుకూరి వెంకట సుబ్బరాయశ్రేష్ఠి, ఆయనతో కలిసిన కుర్రవాళ్ళు దాన్ని మొదలుపెట్టారు. అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1914లో, బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా పుస్తకాల గది ఉండాలని తిరుగుతున్న కాలం అది. 1929లో గాంధీజీ వచ్చి ఇక్కడ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ భద్రంగా దాచారు. పిల్లలిద్దరూ దాని ముందు కాసేపు నిలబడ్డారు. నాకు మాత్రం కాళ్ళు అక్కడ నిలవలేదు.

ఎందుకంటే నా దృష్టిలో ఈ సంస్థ చేసిన అసలు ఘనకార్యం పాత పత్రికలు దాచడం. వార్తాపత్రిక మరునాటికి పొట్లాల కాగితం. ఏ ఇంట్లోనైనా అంతే. ఒక మారుమూల ఊరివాళ్ళు, ఏళ్ళ తరబడి, చదివేసిన పత్రికలను పారేయకుండా వరసగా బైండు చేయించి అట్టిపెట్టారంటే, ఎప్పుడో ఎవరో అడుగుతారని నమ్మి ఉండాలి. ఆ అడిగేవాళ్ళలో నేనొకదాన్నని తలుచుకుంటే గొంతు పట్టేసింది.

అక్కడి ఉద్యోగి ఒకాయనకు నేను ఆంధ్రపత్రిక 1921 సంపుటం కావాలని చెప్పాను. తెచ్చి బల్ల మీద పెడుతూ, "కొస పట్టుకుని తిప్పకండమ్మా. రెండు చేతులూ కిందుగా పోనిచ్చి పేజీ మొత్తాన్ని లేపండి" అన్నారు. ఎందుకో మొదటి పేజీలోనే తెలిసింది. కాగితం అంచులు తేనెరంగు దాటి గోధుమరంగుకు వచ్చాయి, అప్పడంలా పెళుసెక్కాయి. వార్తాపత్రికలకు వాడేది కలపగుజ్జు కాగితం. అందులో మిగిలిపోయే లిగ్నిన్ అనే కలపలోని పదార్థం వెలుతురు, గాలి తగిలి పసుపెక్కుతుంది, ఆమ్లం కాగితాన్ని లోపలినుంచి తినేస్తుంది. గుడ్డపీలికలతో చేసిన పాత కాగితం దీనికంటే ఎన్నో రెట్లు మన్నుతుంది. ఎంత మెల్లగా తిప్పినా నా మోచేతి పక్కన చిన్న చిన్న రవ్వలు రాలుతూనే ఉన్నాయి. ఒక్కో రవ్వ మీద అరక్షరం. ఇలాంటి ప్రతి పేజీనీ ఫొటో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఎంత త్వరగా జరిగితే అంత మేలు. దీనికంటే అవసరమైన సాహిత్య సేవ నాకు తోచడం లేదు.

తేదీ దగ్గర దుర్మతి నామ సంవత్సరం. వరసగా ప్రకటనలు, వాటి మధ్య అమృతాంజనం. ఆ డబ్బా అమ్మిన లాభంతోనే కాశీనాథుని నాగేశ్వరరావు ఈ పత్రికను నడిపారు. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. తలనొప్పి మందు ఒక భాషకు వార్తలు చదవడం అలవాటు చేసింది. మరి కొన్ని పేజీల తరువాత చీరాల కబురు కనబడింది. ఒక కాలమ్‌లో నాలుగు వేళ్ళంత. పెద్ద అక్షరాలు లేవు, బొమ్మ లేదు. దాని కింద మరేదో ఊరి వార్త. ఆ రోజు ఆ పేజీ చదివినవారికి అది చరిత్ర కాదు. రేపేమవుతుందో వాళ్ళకు తెలియదు. నేను ఆ నాలుగు వేళ్ళ వార్తను మూడుసార్లు చదివాను.

తల ఎత్తితే మేనల్లుడు కనబడలేదు. పఠన మందిరంలో వాడిలాంటి కుర్రవాళ్ళు సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకుంటున్నారు. వాడు అక్కడా లేడు. ఒక బీరువా పక్కన నిలబడి, చేతిలో పాత పుస్తకంతో ఉన్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించి, "అత్తా, విజ్ఞాన చంద్రికా మండలి, 1906, కొమర్రాజు లక్ష్మణరావు. ఒక మార్కు బిట్టు. నేను వందసార్లు చదివాను. అది నిజంగా పుస్తకాలు వేసిందని ఎప్పుడూ అనుకోలేదు" అన్నాడు. తెలుగులో చరిత్ర, శాస్త్రం, మహనీయుల జీవితాలు చదవాలంటే పుస్తకమే దొరకని రోజుల్లో ఆ మండలి వాటిని పనిగట్టుకుని రాయించి అచ్చువేసింది. వాడు ఆ పుస్తకాన్ని పరీక్ష కోసం చదవలేదు. గంటసేపు నిలబడే చదివాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

చిన్నదానికి దొరికింది ముందు పేజీలు ఊడిపోయిన ఒక పిల్లల మాసపత్రికల బైండు. పేరు తెలియదు, సంవత్సరం తెలియదు. బల్ల మీద మోచేతులు ఆనించి, నాలుక పంటి మధ్య పెట్టి, అందులో మునిగిపోయింది. భోజనానికి పిలిస్తే రెండుసార్లు పలకలేదు. మూడోసారి దగ్గరకు వెళితే, వేలితో ఒక పేజీ చూపించింది. కుందేలును బొరియకు చేర్చే దారి కనుక్కోమని ఒక బొమ్మ. దాని మీద ఎవరో పెన్సిల్‌తో దారి గీశారు. గీత వణుకుతూ మూడు మలుపులు తిరిగి, తప్పుదారిలోకి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, సగంలో ఆగిపోయింది.

గ్రంథాలయం పుస్తకాల మీద గీతలు గీసేవారంటే నాకు చెడ్డ కోపం. అక్కడ మాత్రం కోపం రాలేదు.

"ఎందుకు ఆపేశారు అత్తా?"

"అమ్మ పిలిచిందేమో."

"ఇప్పుడు వాళ్ళు తాతగారైపోయి ఉంటారా?"

"అయ్యే ఉంటారు."

కాసేపు ఆలోచించింది. జేబులో పెన్ను ఉంది, దాన్ని తీయలేదు. చూపుడువేలు పెన్సిల్ గీత ఆగిన చోట ఆనించి, కాగితానికి తగిలీ తగలనట్టుగా, మలుపు మలుపుకూ ఆగుతూ, కుందేలును బొరియ దాకా తీసుకెళ్ళింది. అప్పుడు లేచి చెప్పులు వేసుకుంది.