మిరపాకు కింది నల్లిని ఫోన్‌లో చూడటం ఎలా?

మిరప చేలో ఆకు ముడుచుకోగానే గుంటూరు చుట్టుపక్కల చాలామంది ముందు మందు కొట్టేసి, తర్వాత పురుగేదో వెతుకుతారు. అంచులు పైకి ముడిస్తే తామర పురుగు (త్రిప్స్), పడవ బోర్లించినట్టు కిందికి వంగితే తెల్ల నల్లి (మైట్) అన్నది రైతులందరికీ తెలిసిన గుర్తే. రెండూ ఒకే మొక్క మీద చేరినా, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల ముడత వచ్చినా ఆ గుర్తు పనిచేయదు. తామర పురుగు మందుల్లో చాలావాటికి నల్లి చావదు, మందు డబ్బులు మట్టిలో పోసినట్టే. తామర పురుగు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి కంటికి ఆనుతుంది. నల్లి 0.2 మిల్లీమీటర్లకు మించదు, అందుకే ఫోన్‌కు చిన్న లెన్స్ తగిలించాలి.

ఆ లెన్స్ పిల్లలు ఆడుకునే కీచైన్ లేజర్ లైట్లో ఉంటుంది. ముందు బ్యాటరీలు తీసేయండి, తర్వాత ముందరి మూత తిప్పితే చిన్న ప్లాస్టిక్ లెన్స్ బయటికొస్తుంది. తీసేటప్పుడే లేజర్ వైపు ఏ ముఖం ఉందో అంచు మీద మార్కర్‌తో చుక్క పెట్టుకోండి. దగ్గరి చుక్క నుంచి వచ్చే వెలుగును సమాంతర కిరణాలుగా మార్చడమే ఆ లెన్స్ పని. మనకు కావలసిందీ అదే: లేజర్ ఉన్న చోట ఇప్పుడు ఆకు ఉంటుంది. కాబట్టి చుక్క పెట్టిన ముఖం ఆకు వైపు రావాలి. తిరగేసి పెడితే నడుమ బాగానే కనిపించి అంచులు అలుక్కుపోతాయి.

పనికిరాని ఏటీఎం కార్డు ముక్కకు లెన్స్ కంటే అర మిల్లీమీటరు చిన్న రంధ్రం చేసి, లెన్స్‌ను అందులో బిగించి, డబుల్ సైడ్ టేపుతో ఫోన్‌కు అంటించండి. జిగురు లెన్స్‌కు తగలకూడదు. లెన్స్ మధ్య, కెమెరా మధ్య ఒక్కటి కావాలి, పక్కకు జరిగితే బొమ్మలో ఒక వైపు నల్లటి నెలవంక పడుతుంది. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లో 1x (ప్రధాన) కెమెరా ఏదో ఒక్కోదాన్ని వేలితో మూసి తెలుసుకోండి. ఆటో మ్యాక్రో ఉంటే ఆపేయండి, లేదంటే ఫోన్ తనంతట తానే పక్క కెమెరాకు మారిపోతుంది. ప్రో మోడ్ ఉంటే ఫోకస్‌ను చివరి దాకా, అంటే దూరం వైపు లాగి వదిలేయండి.

అసలు ఇబ్బంది చేయి వణకడం. ఇంత దగ్గర్లో స్పష్టంగా కనిపించే లోతు వెంట్రుక మందం కూడా ఉండదు. చేలో స్టాండు కుదరదు కాబట్టి పారదర్శకంగా ఉండే బాల్‌పెన్ గొట్టం నుంచి ఒక ఉంగరం కోసి లెన్స్ చుట్టూ అంటించండి. ముందు కాస్త పొడవుగానే కోయాలి. ఉంగరాన్ని ఆకుకు ఆనించి చూస్తూ, 220 నంబరు గరుకు కాగితం మీద కొద్దికొద్దిగా అరగదీస్తే ఒక చోట ఆకు ఈనెలు స్పష్టమవుతాయి, అక్కడ ఆపేయండి. ఎక్కువ అరిగితే ఉంగరం కింద కాగితం పొర వేస్తే సరిపోతుంది. నల్ల గొట్టమైతే వెలుగు లోపలికి రాదు.

ఇంట్లోనైతే ప్లైవుడ్ చెక్కకు 6 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు బిగించి, పైన ఫోన్ పెట్టే యాక్రిలిక్ పలక, నడుమ చేత్తో తిప్పే వింగ్ నట్ల మీద ఆకు పెట్టే పలక అమర్చుకోవచ్చు. ఈ బోల్టు మర ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు కదులుతుంది కాబట్టి పావు చుట్టు చొప్పున తిప్పితే ఫోకస్ చక్కగా చిక్కుతుంది. నడుమ పలకకు 7 మిల్లీమీటర్ల రంధ్రాలు చేయండి, సరిగ్గా 6 చేస్తే కదలక పట్టేస్తుంది.

చూడవలసింది చిగురాకు అడుగు భాగం. తామర పురుగు సన్నగా, పొడవుగా ఉంటుంది, పెద్దదాని రెక్కల అంచుల్లో వెంట్రుకలు కుచ్చుల్లా కనిపిస్తాయి. 2021లో మన చేలను ముంచిన నల్ల తామర పురుగైతే పూలలోనే ఎక్కువ, పువ్వును తెల్ల కాగితం మీద తట్టి చూడండి. నల్లి దాదాపు పారదర్శకం కాబట్టి నేరుగా పడే వెలుగులో మాయమవుతుంది. ఎండను పక్క నుంచి ఏటవాలుగా పడనివ్వండి, మధ్యాహ్నమైతే ట్రేసింగ్ పేపరు అడ్డం పెట్టండి. నల్లి దొరక్కపోయినా గుడ్డు పట్టిస్తుంది: కోలగా, గాజులా ఉండే గుడ్డు మీద తెల్ల చుక్కలు వరుసగా కనిపిస్తే అది తెల్ల నల్లిదే. పురుగు పరిగెడుతుంటే సెల్లో టేపుతో ఆకు అడుగున అద్ది, ఆ టేపును పారదర్శక ప్లాస్టిక్ షీటుకు అంటించి చూడండి. పది మొక్కల చిగుళ్లు చూసినా ఏదీ దొరక్కపోతే వైరస్‌ను అనుమానించాలి.

కొలత కోసం అదే అమరికలో స్టీలు స్కేలును ఒక ఫొటో తీసుకోండి. ఫొటో వెడల్పులో ఐదు మిల్లీమీటర్లు పడితే, అందులో అయిదో వంతు పొడవున్నది తామర పురుగు కావచ్చు, పాతికో వంతున్నది నల్లి కావచ్చు. గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలకో, మండల వ్యవసాయాధికారికో పంపేటప్పుడు స్కేలు ఫొటో కూడా జత చేయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే వివరాలు నలిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.