చలి లేదన్న బావ

కేదార్‌నాథ్ వెళ్తున్నామంటే మా ఊళ్లో అందరూ ఊపిరి గురించే జాగ్రత్తలు చెప్పారు. కర్పూరం మూట కట్టుకెళ్లమన్నది ఒకరు, ఆక్సిజన్ డబ్బా కొనుక్కోమన్నది ఇంకొకరు. చలి సంగతి ఎవరూ పెద్దగా ఎత్తలేదు. స్వెట్టర్ వేసుకుంటే తీరిపోయేదే కదా అని అందరి ధీమా. పైగా సెప్టెంబరు నెలాఖరు, మంచు కురిసే కాలం కూడా కాదు.

నేను, అక్క, బావ తెల్లవారకముందే గౌరీకుండ్‌లో నడక మొదలుపెట్టాం. గౌరీకుండ్ సుమారు రెండు వేల మీటర్ల ఎత్తులో ఉంటే, గుడి 3,583 మీటర్ల దగ్గర ఉంటుంది. 2013 వరదలో దారి మధ్యలో ఉన్న రాంబాడ అనే మజిలీ మొత్తం కొట్టుకుపోయాక అక్కడినుంచి పైదారిని మందాకిని అవతలి ఒడ్డుకు మార్చారు. దాంతో దూరమూ పెరిగింది, ఎక్కుడూ నిట్టనిలువైంది. బావకి మొక్కు ఉంది, దర్శనం అయ్యేదాకా ఏమీ తినడు. టీకి మాత్రం దేవుడు మినహాయింపు ఇచ్చాడట. ఒంటిమీద జీన్స్ ప్యాంటు, కాటన్ చొక్కా, స్వెట్టరు, భుజాన అక్క పెళ్లినాటి శాలువా, బ్యాగులో గౌరీకుండ్ బజార్లో కొన్న పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు.

భీంబలి దాకా ఎండే. స్వెట్టర్లు విప్పి నడుముకు కట్టుకుని, చెమటలు కక్కుతూ ఎక్కాం. రాంబాడ వంతెన దాటాక కొండ మీద నుంచి మబ్బు దిగి, చూస్తుండగానే వాన పట్టుకుంది. ఎదురొచ్చిన గుర్రం జీను తగిలి బావ రెయిన్‌కోటు చంకనుంచి నడుందాకా చీలింది. జీన్స్ అప్పటికే తడిసి ముద్దయింది. వాన ఒకెత్తు, దాని వెనకే లోయలోంచి లేచిన గాలి ఒకెత్తు.

ముందు నా సంగతి చెప్తాను. మొదట చెవులు, వేళ్ల చివర్లు నొప్పి పుట్టాయి. కాసేపటికి నొప్పి పోయి వేళ్లు చెక్కముక్కల్లా అయ్యాయి. జాకెట్ జిప్పు కొస పట్టుకున్నానని కళ్లకు కనిపిస్తోంది, పట్టు మాత్రం చేతికి తెలియడం లేదు. చలికి చర్మం కిందున్న రక్తనాళాలు ముడుచుకుపోతాయి. గుండె, మెదడు చల్లబడకుండా శరీరం రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది, చేతులూ కాళ్లూ దాని లెక్కలో తర్వాత. అలా లోపలికి చేరిన రక్తం ఎక్కువైందనుకుని మూత్రపిండాలు నీళ్లు బయటికి పంపేస్తాయి. ఆ వానలో మాటిమాటికీ దారి పక్కకి ఎందుకు పోవాల్సొచ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత వణుకు. దవడ ఆపుకుందామన్నా ఆగదు. కండరాలు ఒళ్లు కాచుకోవడానికి వేసే మంట అది. దానికి వంటచెరుకు మనం తిన్న తిండి. బావ కడుపులో ఏముంది? చక్కెర టీ.

బావ మొదట విసుక్కున్నాడు. ఎప్పుడూ అక్కని పల్లెత్తు మాట అనని మనిషి, బ్యాగు సర్దడం రాదని కసిరాడు. తర్వాత మాటలు తగ్గిపోయాయి. తర్వాత వెనకబడ్డాడు. మెట్టు ఎత్తు అంచనా తెలియక రాళ్లకి తన్నుకుంటున్నాడు. శాలువా జారి కింద పడితే దాన్నే తొక్కుకుంటూ వెళ్లిపోయాడట, వెనక వస్తున్న గుంపులో ఎవరో తర్వాత చెప్పారు. అక్క నీళ్లు కావాలా అనడిగితే, "ఆ... టికెట్లు నా దగ్గరే ఉన్నాయి" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"బావా, చలేస్తోందా?"

"చలేంట్రా. నాకేం లేదు. మీరు నడవండి."

అబద్ధం కాదు అది. నిజంగానే ఆయనకి తెలియడం లేదు. అందాకా ఊగిపోయిన మనిషికి వణుకు కూడా సన్నగిల్లింది. ఎండలో పడిపోయేవాడికి కళ్లు తిరుగుతున్నాయని తెలుస్తుంది, జ్వరం వచ్చినవాడు జ్వరం అంటాడు. ఈ చలి మాత్రం ముందు మెదడునే మందగింపజేస్తుంది కాబట్టి, ఫిర్యాదు చేయాల్సిన మనిషి కాస్తా బాగానే ఉన్నానంటాడు. పక్కవాళ్లే చూసుకోవాలి. అక్కడ చూసినవాడు నేపాల్ నుంచి వచ్చిన ఒక పిట్టూ కుర్రాడు, యాత్రికుల్ని వీపున బుట్టలో మోసుకెళ్లే వాళ్లలో ఒకడు. బావ మొహంలోకి చూసి, మెడ దగ్గర చెయ్యి పెట్టి, "ఇన్‌కో ఠండ్ లగ్ గయీ" (ఈయనకి చలి పట్టేసింది) అంటూ రెక్క పట్టుకుని లించోలి దగ్గర టార్పాలిన్ కప్పిన టీ కొట్లోకి లాక్కెళ్లాడు.

లోపల మనవాళ్లే ఎవరో బావ అరికాళ్లు రుద్దడం మొదలుపెట్టారు. ఇంకొకరు రెండు గుక్కలు బ్రాందీ పోస్తే లేచి కూర్చుంటాడన్నారు. కుర్రాడు రెండూ వద్దన్నాడు. తడి బట్టలన్నీ విప్పించాడు. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది, తడి జీన్స్ మీద ఎన్ని దుప్పట్లు కప్పినా దండగే. కింద మందంగా పరుపు, పైన రెండు రజాయిలు. వేడినీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి చంకల్లో, గజ్జల దగ్గర పెట్టించాడు. నన్ను కూడా తడి బట్టలు మార్చుకుని అదే రజాయిలో దూరమన్నాడు. బామ్మర్దికి ఇంతకంటే దగ్గరితనం ఏముంటుంది!

టీ గుక్క మింగగలుగుతున్నాడని చూసుకున్నాకే చక్కెర దండిగా వేసి కొంచెం కొంచెంగా పట్టించాం. కాసేపటికి వణుకు మళ్లీ వచ్చింది, రజాయి మొత్తం ఊగేంత. అక్క ఏడుపు మొదలుపెట్టింది. కొట్టు యజమాని మాత్రం నవ్వాడు, ఇప్పుడు పర్లేదని.

అక్కడి వైద్య శిబిరం నుంచి డాక్టరు వచ్చేసరికి ఇంకో గంట పట్టింది. థర్మామీటరు 93.5 చూపించింది. మన ఇళ్లలో 98.4 దాటిందా లేదా అనే చూస్తాం. కిందివైపు 95 కూడా ఒక గీతే, సెల్సియస్‌లో 35. అది దాటి దిగితే హైపోథెర్మియా, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం. 90 కంటే దిగితే వణుకు ఆగిపోవచ్చు, 82 కంటే దిగితే స్పృహే ఉండకపోవచ్చు. ఆ దశలో గుండె ఎంత సున్నితంగా ఉంటుందంటే, మనిషిని గట్టిగా కుదిపినా లయ తప్పొచ్చు. చేతులూ కాళ్లూ రుద్దొద్దనేది అందుకే. పైగా అక్కడి చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకి చేరుతుంది. బ్రాందీ చర్మంలోని నాళాల్ని తెరిచి వెచ్చగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది, లోపల దాచుకున్న వేడిని బయటపెట్టేస్తుంది. చివరి దశలో కొందరు ఒళ్లు మండుతోందని బట్టలు విప్పేసుకుంటారని ఆయన చెప్తే నాకు ఒళ్లు జలదరించింది. 1996 ఆగస్టులో అమర్‌నాథ్ దారిలో వానా మంచూ కలిసి విరుచుకుపడితే రెండు వందల మందికి పైగా యాత్రికులు చనిపోయారు. అదీ ఆగస్టే, చలికాలం కాదు.

ఆ రాత్రి లించోలి డేరాలోనే పడుకున్నాం. బావ పక్కింటివాళ్ల దగ్గర ఎంత గంభీరంగా చెప్పుకున్నాడో ఆ ఉపవాసం, రెండు ప్లేట్ల మ్యాగీతో ముగిసింది. తెల్లారాక డాక్టరు మళ్లీ చూసి, కాళ్లూ మాటా నిలకడగా ఉన్నాయని తేల్చాకే పైకి కదిలాం, బావ మాత్రం గుర్రం మీద. వాన వెలిసింది, కొండల మీద కొత్త మంచు పడి ఉంది. దర్శనం బాగా జరిగింది.

రాంబాడ వంతెన దాటడం బావకి గుర్తుంది, రజాయిలో నా మోకాలు డొక్కలో గుచ్చుకోవడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. శాలువాని ఎవరో కొట్టేశారని ఇప్పటికీ అంటాడు. అక్క ఊరుకోదు.