చాపలు వేయడానికి వెళ్లి

2020 లాక్‌డౌన్‌లో మా ఆరాధన ఫోనులోకి వచ్చింది. చర్చి తలుపులు తెరిచాక కూడా నేను ఫోను వదలలేదు. మంచం మీదే ప్రసంగం, నచ్చకపోతే ఇంకొకటి. అలా మూడేళ్లు. విశ్వాసం పోలేదు గానీ, దానికి ఆకలి వేయడం మానేసింది.

2023 జూన్‌లో, ఇక్కడ చిత్తూరులోనే, పక్కింటి అక్క పిలిచింది. "బుధవారం మా ఇంట్లో ప్రార్థన. చాపలు వేయడానికి మనిషి లేరు, రా."

ప్రార్థనకు కాదు, చాపలకే వెళ్లాను. వచ్చింది తొమ్మిది మంది. తోతాపురి కాలం కదా, గుజ్జు ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన ఒకామె గోళ్ల చుట్టూ ఇంకా పసుపు, చేతులకు మామిడి వాసన. ఒక పెద్దాయన అక్షరాల కింద వేలు జరుపుతూ బైబిల్లోని హెబ్రీ పత్రిక 10:25 చదివారు. సమాజంగా కూడడం మానవద్దనే వచనం. దాన్ని ఇన్నాళ్లూ హాజరు పట్టీలాగే అర్థం చేసుకున్నాను. ఆయన వెనక్కి వెళ్లి 24 కూడా చదివారు: ప్రేమకూ మంచి పనులకూ ఒకరినొకరు పురికొల్పుకోవాలని. ఒంటరిగా మంచం మీద ఎవరిని పురికొల్పాను?

చివర్లో ఫ్యాక్టరీ ఆమె అంది, "ఈ వారం నాకు ప్రార్థన రావడం లేదు. మీరే నా కోసం చేయండి." ఎవరూ ఉపదేశం చేయలేదు. పక్కనున్నామె చేయి పట్టుకుంది, అంతే. మూడేళ్లుగా నేను ఎవరితోనూ అనలేకపోయిన మాట అది.

ఇప్పుడు చాపలు నా పనే. మొన్న పెద్దాయన, "పాటలో నీ గొంతు వినబడడం లేదు నాయనా" అన్నారు. నా గొంతు బాగుండదన్నాను.

"మాదీ అంతే" అన్నారు.