ఇనప పట్టీలు వేసిన శిలువ

పోయిన ఆదివారం ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ అనే బీడు కొండల ప్రాంతానికి వెళ్లాం. ప్రిన్స్‌టౌన్‌లో కారు పెట్టేసి సౌత్ హెస్సరీ టోర్ అనే రాతి గుట్ట మీదుగా నడుచుకుంటూ వెళ్తే నన్స్ క్రాస్ వస్తుంది. దారిలో పొగమంచు కమ్మేసింది, పది అడుగుల అవతల ఏముందో తెలీట్లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు, మా ఆయనేమో "ఇంకొంచెమే, ఇంకొంచెమే" అంటూనే ఉన్నాడు, అప్పుడు సడన్‌గా ఎదురుగా మనిషి నిలబడినట్టు రాతి శిలువ. 7 అడుగుల పైనే ఉంటుంది. డార్ట్‌మూర్‌లో ఇలాంటి పాత శిలువలు దారి గుర్తులు కూడా అని అంతకుముందు చదివాను గానీ, ఎందుకు పెట్టారో అక్కడ నిలబడ్డాకే అర్థమయింది.

దీన్ని సివార్డ్స్ క్రాస్ అని కూడా అంటారు, 1240లో రాజుగారి వేట అడవికి హద్దులు తేల్చినప్పుడే దీని పేరు రాసుకున్నారట, అంటే అప్పటికే ఉందన్నమాట. ఒకవైపు సివార్డ్ అని, ఇంకోవైపు బోక్ లాండ్ అని చెక్కి ఉంది. నాకైతే నాచు తప్ప అక్షరాలేం కనపడలేదు, వేలితో తడిమితే ఒకటి రెండు గీతలు తగిలాయి అంతే. బోక్ లాండ్ అంటే బక్‌లాండ్, ఆ ఊరి మఠం భూముల హద్దు ఇదని చెప్తారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆ ఇనప పట్టీలు. 1846లో ఇది కిందపడి విరిగిపోయిందట, రెండేళ్లకి ఒక కమ్మరి పట్టీలు వేసి నిలబెట్టాడు. ఇప్పుడది షెడ్యూల్డ్ మాన్యుమెంట్, అంటే చట్టం కాపాడే పురాతన కట్టడం, 1979 చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా రిపేరు కూడా చెయ్యకూడదు. అంటే ఆ కమ్మరి ఇవాళ సుత్తి పట్టుకుని వస్తే ముందు కాగితాలు పెట్టుకోవాలి! ఆయన కొట్టిన పట్టీలు మాత్రం ఇప్పుడు శిలువతో పాటే భద్రం.

డార్ట్‌మూర్‌లోనే ఇంకో శిలువ, బెన్నెట్స్ క్రాస్ కథా అంతే. కుందేళ్లు పెంచే వారెన్ హద్దు కోసం దానిమీద డబ్ల్యూ, బీ అని చెక్కేశారు. ఇప్పుడెవడైనా చెక్కితే నేరం, అప్పట్లో చెక్కింది మాత్రం చరిత్ర. నవ్వొస్తుంది గానీ చట్టం లేకపోతే ఏమవుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది, నన్స్ క్రాస్‌కి కాస్త దూరంలో చైల్డ్స్ టూంబ్ అనే పాత సమాధి రాళ్లు 1812లో ఇల్లు కట్టుకోడానికి పీక్కెళ్లిపోయారు. వేరేచోట్ల శిలువల్ని గేటు స్తంభాలుగా పాతుకున్నవాళ్లూ ఉన్నారు.

తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూస్తే నాలుగు అడుగులకే మళ్లీ మంచులో మాయమైపోయింది. మా ఆయన "చూశావా, దారి తప్పలేదు" అన్నాడు, ఆ క్రెడిట్ కూడా ఆయనకేనట.